గోదావరి డెల్టాలో రిసార్టు కట్టే పద్ధతి: నీటికీ, ఊరికీ, తోటకూ చోటిచ్చే నిర్మాణానికి సమగ్ర మార్గదర్శి

కొబ్బరి తోట ఉంది, ఏటి ఒడ్డు దగ్గరలోనే ఉంది, నాలుగు కాటేజీలు వేయాలనుకుంటున్నాము, కోనసీమ తీరు చెడకుండా ఎలా కట్టాలి అని అడిగేవారు ఈమధ్య బాగా పెరిగారు. వారికి ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినదంతా ఒక క్రమంలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. రెండు నుంచి ఐదు ఎకరాల స్థలం, ఎనిమిది నుంచి పదిహేను గదులు ఉండే రిసార్టును దృష్టిలో పెట్టుకున్నాను. అంతకంటె పెద్దదైనా పని జరగవలసిన క్రమం ఇదే.

చాలామంది ముందు గది బొమ్మ గీయించుకొని, తరువాత స్థలాన్ని దానికి తగ్గట్టు చదును చేయిస్తారు. డెల్టాలో ఈ క్రమాన్ని తిరగవేయాలి. కాగితం మీద మొదట నీరు నడిచే దారి గీయాలి. తరువాత ఊరివారు నడిచే దారి, ఆ తరువాత చెట్లు. వీటన్నిటి మధ్య మిగిలిన చోటే గదులది.

## 1. స్థలం ఏ కోవకు చెందినదో తేల్చుకోవడం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది; వసిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. ఈ పాయల మధ్య భూమి చూపుకు ఒకే పచ్చదనంగా కనిపించినా, కట్టడం దృష్ట్యా అది మూడు రకాలు.

ఏటిగట్టు లోపలి భూమి, అంటే లంక. ఇది నది వరదకు వదిలిపెట్టిన చోటు. ఇక్కడ శాశ్వత నిర్మాణం వద్దని నా గట్టి అభిప్రాయం. వరద రాకముందే విప్పి గట్టు మీదికి చేర్చగల వెదురు మంచెలు, నీడ పందిళ్ళు, పడవ దిగే చెక్క మెట్లు చాలు. పైగా లంక అంచులు ఏటేటా కోతకు గురవుతాయి. పత్రంలో ఉన్న ఎకరం నేల మీద ఉండకపోవచ్చు.

గట్టు వెలుపలి తోట, పొలం. రిసార్టుకు ఎక్కువగా పనికివచ్చేది ఇదే. అయితే గట్టును ఆనుకొని ఉన్న చోట వరద రోజుల్లో నేల అడుగు నుంచి ఊట నీరు ఉబికి వస్తుంది. గట్టుకు దూరంగా జరిగేకొద్దీ కట్టడానికి ఇబ్బంది తగ్గుతుంది.

తీరం వైపు ఇసుక, పర్ర (ఉప్పు తేలే పల్లపు) భూములు. ఇక్కడ పోటు నీరు మురుగు కాలువల వెంట ఎగదన్ని లోపలికి వస్తుంది. కోనసీమలోని శంకరగుప్తం మురుగు కాలువ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరి తోటలు ఎలా మోడువారాయో చూసినవారికి ఈ భూమి గురించి వేరే చెప్పనక్కరలేదు.

కోవ తేలాక, వీలైతే ఒక జూలై నుంచి నవంబరు దాకా ఏమీ కట్టకుండా స్థలాన్ని గమనించండి. అంత వ్యవధి లేకపోతే పక్క రైతులను, కొబ్బరి దింపు కార్మికులను అడగండి. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద ఎంతవరకు వచ్చాయో ఆ ఊళ్ళో పెద్దవారు గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తును లెవెల్ పరికరంతో మీ స్థలానికి తెచ్చి, ఒక రాతి స్తంభం మీద గీత కొట్టించండి. ఇకమీదట ప్రతి ఎత్తునూ ఆ గీత నుంచే కొలవాలి.

ధవళేశ్వరం ఆనకట్ట వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల వద్ద, రెండవది 13.75, మూడవది 17.75 అడుగుల వద్ద ఇస్తారు. ఏ హెచ్చరికకు మీ ఊరి కాజ్‌వే మునుగుతుందో, ఏ హెచ్చరికకు మీ దారి తెగుతుందో రాసి పెట్టుకోండి. అతిథులను ఎప్పుడు పంపించివేయాలో తరువాత ఆ కాగితమే చెబుతుంది.

ఈ దశలో మీ చేతిలో ఉండవలసినవి:

- అత్యధిక వరద గుర్తు ఉన్న రాతి స్తంభం
- స్థలం మొత్తానికి మట్టాల పటం
- పంట బోదెలు, మురుగు బోదెలు (చిన్న కాలువలు) ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూపే పటం
- వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి తీసిన బావి నీటి మట్టం, ఉప్పుదనం పరీక్ష
- కనీసం రెండు చోట్ల మట్టి పరీక్ష

## 2. పత్రాలు

ఇక్కడ తొందరపడితే తరువాతి దశలన్నీ వృథా అవుతాయి. భూమి పట్టాదా, అసైన్డ్‌దా, దేవాదాయ శాఖదా అన్నది రెవెన్యూ కార్యాలయంలో మొదట తేల్చుకోండి. లంక భూముల్లో ఈ చిక్కు ఎక్కువ. కాలువ గట్టు, ఏటిగట్టు ఆనుకొని ఉంటే జల వనరుల శాఖ అనుమతి కావాలి. సముద్రపు పోటు రేఖ (పోటు నీరు చేరే పై హద్దు) నుంచి 500 మీటర్ల లోపు, పోటు నీరు ఎక్కే పాయల ఒడ్డు, మడ అడవుల పరిసరాలు తీరప్రాంత నియంత్రణ నిబంధనల కిందికి వస్తాయి. తీర రిసార్టులకు ఆ నిబంధనలు ఎత్తు 9 మీటర్లు మించరాదని, కింది అంతస్తు మీద ఒక్క అంతస్తు మాత్రమే ఉండాలని, ఇసుక దిబ్బలను చదును చేయరాదని చెబుతాయి. నిబంధన వర్తించని లోపలి స్థలంలో కూడా ఈ మూడింటినీ పాటించమని నా సలహా, ఎందుకంటే కొబ్బరి తలను దాటి లేచిన కట్టడం ఏదైనా డెల్టాలో మైళ్ళ దూరం నుంచి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

## 3. ఊరి దారులు గుర్తించడం

స్థానిక సంస్కృతిని గౌరవించడం అనగానే గోడ మీద కోలాటం బొమ్మ వేయించడం, గేటు దగ్గర ఎడ్ల బండి నిలబెట్టడం అనుకునేవారున్నారు. ఊరు కోరేది అది కాదు. తమ దారి, తమ రేవు, తమ గుడి ముంగిలి మూతపడకుండా ఉండాలని కోరుతుంది. అందుచేత రెండో పటం ఊరి దారులది.

కనుమ నాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని ఉదాహరణగా తీసుకోండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు రుద్ర ప్రభలు, అంటే శివుని రూపాలను నిలిపి వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసే అలంకృత చట్రాలు, అక్కడికి చేరతాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభను నీళ్ళలో దిగి కౌశిక నది దాటిస్తారు. ప్రభలు పొలాల మీదుగా, పండిన చేల మీదుగా సాగుతాయి. తన చేలో ప్రభ నడవడాన్ని రైతు భాగ్యంగా భావిస్తాడు. కోనసీమలో ఇంకా ఎన్నో ఊళ్ళకు తమ ప్రభలు, తమ తీర్థాలు ఉన్నాయి. అటువంటి దారికి అడ్డంగా ప్రహరీ లేచినా, ప్రభ ఎత్తుకు తక్కువగా ఆర్చి కట్టినా, కరెంటు తీగ లాగినా ఆ ఊరితో తెగతెంపులు చేసుకున్నట్టే.

కాబట్టి ఊరి పెద్దలను, మత్స్యకార సంఘాన్ని, ఆడవారిని వేరువేరుగా కూర్చోబెట్టి అడగండి. వేరువేరుగా అని ఎందుకంటున్నానంటే, బట్టలుతికే రేవు గురించి, నీళ్ళు తెచ్చుకునే అడ్డదారి గురించి పంచాయతీ సమావేశంలో ఎవరూ నోరు విప్పరు.

అడిగి పటం మీద గుర్తించవలసినవి:

- ప్రభలు, రథం, అమ్మవారి జాతర, అంతిమయాత్ర సాగే దారులు
- స్నానాల రేవు, పడవలు కట్టే చోటు, వలలు ఆరబెట్టే ఇసుక మేట
- పశువులు ఏటికి దిగే బాట
- గ్రామదేవత గుడి, రావి–వేప జంట, నాగుల పుట్ట
- మంచినీటి చెరువు, దానిని నింపే కాలువ

ఈ దారుల వెంట కనీసం 4 మీటర్ల వెడల్పు తెరిచి వదలండి. ప్రహరీ గోడకు బదులు తడిక, దడి, గోరింట కంచె సరిపోతాయి. అవి గాలిని, వరదను ఆపవు, ఊరికి వీపు చూపవు.

## 4. తోటలో గదికి చోటు వెతకడం

కోనసీమ కొబ్బరిని సుమారు 25 అడుగుల దూరంలో, అంటే 7.5 మీటర్లకు ఒకటి చొప్పున నాటుతారు. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి. రెండు చెట్ల మధ్య మీకు మిగిలేది 3.5 మీటర్ల పట్టీ మాత్రమే. అందులో గది ఇరికిస్తే గోడ వేళ్ళను కోస్తుంది, మట్టలు, కాయలు నేరుగా పెంకు మీద పడతాయి.

మార్గం ఏమిటంటే, ప్రతి చెట్టుకూ నంబరు వేసి పటం గీయించండి. పాత తోటలో చెట్టు పోయిన ఖాళీలు తప్పక దొరుకుతాయి. ఒక చెట్టు పోయిన చోట నాలుగు దిక్కులా 7.5 మీటర్ల దూరంలో మొదళ్ళు ఉంటాయి కనుక, ఆ ఖాళీ నడుమ 7 మీటర్ల చదరపు కాటేజీ కడితే దాని అంచు మొదళ్ళకు 4 మీటర్ల దూరంలో నిలుస్తుంది. గదులు వరుస తప్పి అక్కడొకటి ఇక్కడొకటిగా వస్తాయి. తోటలో ఇళ్ళు ఎప్పుడూ అలాగే ఉన్నాయి కాబట్టి దానికి చింతించనక్కరలేదు.

తోటను తోటగానే పండించండి. అరటి, కోకో, వక్క, మిరియం, కంద వంటి అంతరపంటలు తీసేసి పచ్చిక పరిస్తే వేసవిలో నీళ్ళు తాగడం తప్ప అది ఇంకేమీ చేయదు. నెలన్నర, రెండు నెలలకోసారి దింపు జరగాలి. కాటేజీల మీదికి వంగిన చెట్లకు ఇంకా తరచుగా దింపించి, ఎండుమట్టలు లాగించాలి. ఇది అతిథుల తలకు సంబంధించిన విషయం.

బోదెలు పూడ్చకండి. బాట దాటవలసిన ప్రతి చోటా తూము వేసి నేల మట్టాన్ని అలాగే వదలండి. మీ స్థలంలోని ఒక బోదె ఎగువన పది మంది రైతుల మురుగును మోస్తూ ఉంటుంది.

## 5. మట్టం, పునాది

అందరూ చేసే పని మెట్ట ప్రాంతం నుంచి లారీల కొద్దీ కంకర తోలించి స్థలమంతా మెరక చేయడం. అప్పుడు వాన నీరు పక్కవాడి చేలోకి పోతుంది, కొబ్బరి మొదళ్ళు ఊపిరాడక దెబ్బతింటాయి. కట్టడం నిలిచే చోటు మాత్రమే లేపండి. స్థలంలో పల్లపు మూల ఒక చెరువు తవ్వించి, దాని మట్టిని నడక బాటలకు వాడండి. పునాది గోడల లోపల మాత్రం ఇసుకే నింపాలి. నల్లమట్టి నింపితే అది ఉబ్బి గచ్చును పగలగొడుతుంది.

గచ్చు ఎత్తు రాతి స్తంభం మీది వరద గీతకు కనీసం 60 సెంటీమీటర్లు పైన ఉండాలి. నది వరద చేరని చోటైతే, వాన ముంపుకు నేల నుంచి 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు అవసరం. అంతకు మించి లేపవలసివస్తే స్తంభాల మీద నిలబెట్టి కింద నీరు, గాలి పారనివ్వడం మేలు.

డెల్టా నల్లమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు బిగిసి నెర్రెలిస్తుంది. తేలిక కట్టడమే కదా అని లోతు లేని పునాది వేస్తే రెండో వేసవికే గోడలు ఐమూలగా బీటలు వారతాయి. మట్టి పరీక్ష నల్లమట్టి అని చెబితే, మట్టి కదలిక లేని లోతుకు దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు), వాటిని కలుపుతూ పైన బీము వేయించండి. తీరం దగ్గర సముద్రపు ఇసుకను, ఉప్పు బోరు నీటిని కాంక్రీటులో కలపనివ్వకండి; లోపలి ఇనుము తుప్పు పట్టి స్తంభం పొరలుగా రాలిపోతుంది.

## 6. మండువా లోగిలి నుంచి తీసుకోవలసినది

కోనసీమను రెండో కేరళ అని పిలిచి అక్కడి ఇళ్ళ నమూనాలు దించుతున్నవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మనకు మండువా లోగిలి (నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ దానివైపు వాలిన కప్పులు ఉండే ఇల్లు) ఉంది, తాటాకు ఇల్లు ఉంది. రెండూ ఈ వానకు, ఈ ఉక్కకు తీర్చిదిద్దినవే.

మండువాను ప్రతి కాటేజీలో పెట్టవద్దు. మూడు మీటర్ల కంటె చిన్న మండువాలో గాలి ఆడదు, ఎండ దిగదు, గచ్చు పాచి పడుతుంది. అతిథులు కలిసి కూర్చొని భోంచేసే ఉమ్మడి లోగిలి ఒక్కటి మండువాగా కట్టండి. నడుమ తెరపి కనీసం 4 మీటర్ల చదరం ఉండాలి. చుట్టూ వసారా, వసారాకు రాతి దిమ్మెల మీద కొయ్య స్తంభాలు, ముందు వీధి వైపు అరుగులు. అరుగును కుదించకండి, బయటి మనిషి చెప్పు విడిచి కూర్చునే చోటు అది, రిసార్టుకూ ఊరికీ మధ్య మాట సాగేది అక్కడే.

మండువాలో దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది, లోపలికి వాలిన రెండు కప్పులు కలిసే మూల. అక్కడ పెంకు కింద పరిచే రేకు గాడి వెడల్పు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, రెండు అంచులూ పైకి మడిచి ఉండాలి. అంచు మడవని రేకు మీద నీరు పక్కకు పొర్లి వాసం తలల్లోకి పోతుంది. కొయ్య చివికేది అక్కడి నుంచే. రెండవది మండువా తూము. లోపలికి వాలిన కప్పు 150 చదరపు మీటర్లు అనుకుంటే, గంటకు 100 మిల్లీమీటర్ల వానలో 15,000 లీటర్ల నీరు ఆ తెరపిలోకి దిగుతుంది. ఒక కొబ్బరి పుల్లల కట్ట అడ్డుపడితే చాలు, వసారా మునుగుతుంది. అందుకే గచ్చును వసారా కంటె 30 సెంటీమీటర్లు పల్లంగా వేసి, వేర్వేరు మూలల్లో 15 సెంటీమీటర్ల తూములు రెండు పెట్టించండి.

కాటేజీలు సాదా పెంకుటిళ్ళుగా ఉంటే చాలు: ఒక గది, ముందు వసారా, వెనుక స్నానాల గది. పొడుగు గోడలు ఉత్తర, దక్షిణాలకు తిప్పండి. ఎండ తగ్గుతుంది, వేసవి సాయంత్రాల్లో దక్షిణం నుంచి వచ్చే సముద్రపు గాలి గది దాటి పోతుంది. కిటికీకి ఎదురుగా కిటికీ, చూరు కింద జాలీ తప్పనిసరి.

తుఫాను సంగతి వేరే చెప్పాలి. 1996 నవంబరు తుఫాను కోనసీమలో ఏం మిగిల్చిందో ఇక్కడివారికి తెలుసు. గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఈ తీరాన్ని సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం కిందికి చేర్చింది. ఇంజనీరు లెక్క దానికే కట్టాలి. కప్పు విషయంలో ఇవి చూసుకోండి:

- నాలుగు వైపుల వాలు ఉన్న కప్పు రెండు వైపుల వాలు కంటె గాలికి బాగా నిలుస్తుంది.
- పెంకుకు 25 నుంచి 30 డిగ్రీల వాలు, తాటాకుకు 40 నుంచి 45 డిగ్రీలు.
- వసారా కప్పు అసలు కప్పుకు కొనసాగింపుగా ఉండకూడదు. విడిగా, కాస్త కిందికి ఉంటే గాలి వసారాను లేపినా ఇల్లు నిలుస్తుంది.
- వాసాన్ని దూలానికి, దూలాన్ని గోడ బీముకు, బీమును పునాదికి ఇనుప పట్టీలతో కట్టాలి. ఒక్క మేకు మీద ఆధారపడకూడదు.
- చూరు వెంట, వెన్ను వెంట ఉన్న పెంకులను రాగి తీగతో రీపర్లకు (పెంకులు ఆనే సన్న కర్రలకు) బిగించాలి.

తాటాకు కప్పు అందంగా, చల్లగా ఉంటుంది, కానీ రెండు మూడేళ్ళకోసారి తిరిగి నేయించాలి, నిప్పుకు దూరంగా ఉంచాలి. వంటసావడికీ దానికీ మధ్య కనీసం 15 మీటర్లు వదలండి. పడుకునే గదులకు పెంకు, పగటిపూట కూర్చునే పాకలకు తాటాకు అని విభజించుకుంటే బాగా కుదురుతుంది.

## 7. తాగునీరు, మురుగు

తీరం దగ్గర ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. లోతు బోరు వేసి గట్టిగా తోడితే ఉప్పు పైకి లేచి మీ బావితో పాటు ఊరి బావులూ చెడతాయి. లోతు లేని బావులు రెండు మూడు తవ్వించి కొద్దికొద్దిగా తోడుకోండి. కప్పుల వాన నీటిని తొట్లలో నిలవ చేయండి. ఈత కొలను ఒక్కదాని కోసం ఊరి నీటిని పణంగా పెట్టకూడదు.

మురుగుకు మామూలు ఇంకుడు గుంట ఇక్కడ పనికిరాదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా భూగర్భ జలం నేలకు చేరువగా వస్తుంది, గుంట నిండి మురుగు వెనక్కి తంతుంది. నీరు కారని సెప్టిక్ ట్యాంకు కట్టించి, దాని మూత వరద గీతకు పైన ఉంచండి. అక్కడి నుంచి నీటిని కంకర నింపిన, జమ్ము నాటిన తొట్టి గుండా పోనిచ్చి, చివరకు అరటి పాదులకు వదలండి. బావికి కనీసం 20 మీటర్ల దూరం ఉండాలి. పంట కాలువలోకి ఒక్క గొట్టం కూడా పెట్టవద్దు: దిగువ ఊళ్ళ మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువతోనే.

## 8. పనివారు, వస్తువులు

తాపీ మేస్త్రి, వడ్రంగి, తాటాకు నేసేవారు, దింపు కార్మికులు చుట్టుపక్కల ఊళ్ళ నుంచే రావాలి. పాత మండువాలు విప్పినవారి దగ్గర స్తంభాలు, ద్వారబంధాలు దొరుకుతాయి. కొనేముందు ఉలితో పొడిచి చెద చూడండి. నిలిచి ఉన్న మంచి ఇంటిని స్తంభాల కోసం విప్పించకండి. అటువంటి ఇల్లు అమ్మకానికి వస్తే దానినే బాగుచేసి బస ఇవ్వడం వెయ్యి రెట్లు మంచిది. వాసాలకు ముదిరిన తాటి చేవ, పందిళ్ళకు తీరపు సరుగుడు సరిపోతాయి. దుప్పట్లు, తెరలకు బండారులంక నేత, అల్లికలకు నరసాపురం లేసు, తాళ్ళకు, చాపలకు కొబ్బరి పీచు ఉన్నాయి. చేసినవారికి చెప్పిన ధర బేరమాడకుండా ఇవ్వండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

వసారా గచ్చుకు నున్నని టైలు. వానలో జారుతుంది. గరుకు రాయి లేదా ఎర్ర మట్టిపలక వేయండి.

సముద్రం వైపు పెద్ద దీపాలు. ఈ తీరాన శీతాకాలం చివర నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. దీపాలకు పిల్లలు దారి తప్పి నీటికి దూరమవుతాయి. తీరం వైపు దీపాలు తీసివేసి, బాటలకు మోకాలి ఎత్తులో నేలకు వాలిన పసుపు దీపాలు పెట్టండి.

చూపు కోసం మడ చెట్లు నరకడం. చట్ట విరుద్ధం, ఒడ్డుకు ప్రమాదం. చెట్టెక్కి చూసినట్టు ఒక చెక్క మంచె కట్టించండి.

ఇప్పటికే స్థలమంతా మెరక చేసేశారు. సరిహద్దు వెంట పాత బోదెను తిరిగి తవ్వించండి. కొబ్బరి మొదళ్ళ చుట్టూ 2 మీటర్ల మేర నింపిన కంకర తీయించండి.

గోడలకు గాలి చొరని రంగులు. ఇక్కడి తేమకు పొరలుగా లేస్తాయి. గీకించి సున్నం వేయించండి.

## 10. పనుల క్యాలెండరు

- జూలై–నవంబరు: గమనించడం, పటాలు, మట్టి పరీక్ష, ఊరితో మాటలు, అనుమతులు
- డిసెంబరు: పునాది గీతలకు ముగ్గు పోయడం
- జనవరి–మార్చి: పునాదులు, గోడలు. సంక్రాంతి మూడు రోజులూ పని పెట్టుకోవద్దు. ఎవరూ రారు, రాకూడదు కూడా.
- ఏప్రిల్–మే: పంట కాలువలకు నీరు ఆపేసినప్పుడు నేలలో నీరు తగ్గుతుంది కనుక చెరువు, సెప్టిక్ ట్యాంకు తవ్వకాలు, మే చివరికి అన్ని కప్పులూ పూర్తి
- జూన్–సెప్టెంబరు: గచ్చు, తలుపులు, మొక్కలు నాటడం
- అక్టోబరు–నవంబరు: అతిథులు లేకుండా ఒక తుఫాను కాలం దాటించి చూడడం

ఆ చివరి రెండు నెలల్లో పెద్ద వాన కురిసిన ప్రతిసారీ గొడుగు వేసుకొని స్థలమంతా తిరగండి. బోదెలు పారుతున్నాయా, మండువా తూము ఎంతసేపటికి ఖాళీ అవుతోంది, ఏ మూల కారుతోంది, పక్క రైతు చేలో నీరు నిలిచిందా అన్నవి రాసుకోండి. ఈ నాలుగింటికీ జవాబు సరిగా వచ్చాకే గదులు అద్దెకు తెరవండి. పక్క చేలో నీరు నిలిచి ఉంటే మాత్రం అది తీరేదాకా ఆగండి.